ఏ జాతి అని అడిగారు

మా ఇంటికి బుల్‌డాగ్ పిల్ల వచ్చిన రోజున కాసిడీహ్‌లో మా సందులోని వాళ్లంతా చూడటానికి వచ్చారు. తెలుగువాళ్లయినా, బీహారీలయినా, బెంగాలీలయినా మొదట అడిగింది ఒకటే: "ఏ జాతి?" మేమూ గొప్పగానే చెప్పాం. "మేలుజాతి. కాగితాలు కూడా ఉన్నాయి."

రాత్రి త్రిశరణ పంచశీలాలు చెప్పుకోవడానికి కూర్చున్నప్పుడు గానీ ఆ మాట మాకు గుచ్చుకోలేదు. మనిషిని జాతి అడిగితే ఒళ్లు మండే ఇల్లు మాది. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో చూపిన దారిలో నడుస్తున్నామని చెప్పుకునే ఇల్లు.

పిల్లకి అప్పుడు రెండు నెలలు. పదో తరగతి పరీక్షలయ్యాక మా అబ్బాయి ముచ్చటపడ్డాడని కొన్నాం. 'మెత్త' అని పేరు పెట్టాం. పాలిలో ఆ మాటకు మైత్రి అని అర్థం. తెలుగులో అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు, పట్టుకుంటే తెలుస్తుంది.

పెంచడం పట్టుకున్నంత సుళువు కాదని వారంలోనే తెలిసింది. ముఖం మీది ముడతల్లో తడి నిలిస్తే పుండు పడుతుంది. రోజూ తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. తోక కింది మడతకూ అంతే. తిండి రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ప్రేమకొద్దీ సాంబారన్నం కలిపి పెట్టబోయాం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషమని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాం. మెడకు పట్టీ కడితే ఊపిరి బిగుస్తుందని ఛాతీకి చుట్టే పట్టీ తెచ్చాం. నులిపురుగుల మందు, టీకాల తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాం.

అది నిద్రలో గురక పెడితే ఇల్లంతా నవ్వేవాళ్లం. ఫోన్లో వీడియో తీసి విశాఖలోని చుట్టాలకు పంపాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జంషెడ్‌పూర్ ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మెత్త గచ్చుకు పొట్ట ఆనించి పడుకుని ఎగపోయడం మొదలుపెట్టింది. చిగుళ్లు నీలంగా తిరిగాయి. పిలిస్తే కళ్లు తిప్పింది గానీ లేవలేకపోయింది. పొట్ట మీదా కాళ్ల మీదా కుండలోని నీళ్లు పోసి, విసనకర్రతో విసురుతూ ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆక్సిజన్ పెట్టి బతికించారు.

ఆ తరువాత డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. బుల్‌డాగ్‌కు ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనక భాగం పొడవు, గాలిగొట్టం సన్నం. వగర్చడమే దానికి కష్టం. "మీరు నవ్వుకున్న ఆ గురక, గాలి చాలక అది చేసే చప్పుడు" అన్నారు. మా అబ్బాయి ఆ సాయంత్రమే వీడియోలన్నీ తీసేశాడు.

ఈ కష్టం దానికి ప్రకృతి పెట్టింది కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి ఈ కుక్కలను పెంచేవారు. 1835లో చట్టం ఆ ఆటను ఆపింది. తరువాత ప్రదర్శనల కోసం, ముఖం ఇంకా చప్పిడిగా ఉండాలని, దగ్గరి రక్తంలోనే జత కడుతూ వచ్చారు. ఇప్పుడు చాలా బుల్‌డాగ్ తల్లులకు కోత కోస్తే గానీ కాన్పు కాదు. జాతి శుద్ధి పేరుతో ఊపిరి తీసేశారు.

ఇది చదువుతుంటే 1916లో కొలంబియాలో బాబాసాహెబ్ కులాల మీద సమర్పించిన పత్రం గుర్తొచ్చింది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే కట్టుబాటే కులానికి మూలమని ఆయన అందులో తేల్చారు. వాసెట్ఠ సుత్తంలో తథాగతుడు కూడా గడ్డికి, పురుగులకు, జంతువులకు పుట్టుకతో వేర్వేరు గుర్తులున్నాయి గానీ మనుషుల్లో అలాంటివి లేవని చెప్పాడు. లేని గీతను మనుషుల మధ్య గీసిన బుద్ధే కుక్కల దగ్గరికి వచ్చేసరికి వాటి ఎముకలనే వంచింది. ఆ వంపుకు మేం డబ్బు కట్టి, కాగితాలు చూపించి మురిసిపోయాం.

ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటి. మేం అమ్మలేదు, కొన్నాం అంతే అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాం. కొనేవాడు లేని అంగడి ఎక్కడుంటుంది? ఆ తల్లికి ఇంకో కోత పడటంలో మా నోట్లకూ వాటా ఉంది. మెత్తను తిరిగి ఇచ్చేస్తే ఆ తప్పు పోదు. ఇంకొకరి గడపకు చేరుతుంది. చేయగలిగింది ఇక దాన్ని చూసుకోవడమే. రోగి అయిన భిక్షువును తథాగతుడు తన చేతులతో కడిగిన కథ విని కళ్లు తుడుచుకున్న మేము, ముడతలు తుడవడానికి విసుక్కుంటే ఎలా?

ఈమధ్య ఒక పరిచయస్థుడు వచ్చి, ఏడాది దాటాక జత కట్టిస్తే మంచి డబ్బు వస్తుందని చెప్పాడు. మా ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. వద్దన్నాం. వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం.

కుక్కుర జాతకంలో రాజు రథం తోళ్లను కొరికినవి రాజభవనంలోని మేలుజాతి కుక్కలు. చంపమని ఆజ్ఞ వేసింది మాత్రం బయటి కుక్కలను. వాటి తరఫున రాజు ముందు నిలిచి న్యాయం అడిగినవాడు కుక్కగా పుట్టిన బోధిసత్త్వుడు. మా సందులోనూ నాలుగు కుక్కలున్నాయి. వాటికి కాగితాలు లేవు. మే ఎండలో కూడా హాయిగా ఊపిరి తీస్తాయి. ఇన్నేళ్లలో వాటికి మేం ఒక్క గిన్నె నీళ్లు పెట్టిన పాపాన పోలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించి రెండువేల ఏళ్లు దాటింది. మా గేటు బయటికి మట్టి తొట్టి ఈ వేసవిలో వచ్చింది. రేబిస్ టీకాకు మెత్తతోపాటు ఆ నాలుగింటి పేర్లూ రాయించాం.

ఇప్పుడు ఉదయం ఆరింటికే, ఎండ ముదరకముందే మెత్తను నడిపిస్తాం. ఎదురైనవాళ్లు ఇంకా అడుగుతూనే ఉంటారు, ఏ జాతి అని. మా అబ్బాయి, "ఎండకు ఆగలేదండీ, తొందరగా ఇంటికెళ్లాలి" అని దాన్ని నీడలోకి నడిపించుకుపోతాడు.