శిక్ష అంటే చదువా?

ఢిల్లీలో అశోకా రోడ్డు ఒకటో నంబరు ఆవరణ తెలుగువారికి పుట్టింటి గుమ్మం వంటిది. ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీనులో పప్పూ, గోంగూర పచ్చడీ కలుపుకొని అన్నం తినడానికి మేము ఆదివారాలు అక్కడికి వెళుతుంటాము. ఒకనాడు మా వంతు కోసం వేచి ఉండగా, ఈ నగరంలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఎవరో వదలివెళ్లిన తెలుగు పత్రికను కూడబలుక్కుంటూ చదివింది: “లాకప్ మరణం కేసులో పోలీసులకు శిక్ష.” చదివి, “అమ్మా, పోలీసులను బడికి పంపుతున్నారా?” అని అడిగింది.

నవ్వు వచ్చింది. హిందీలో ‘శిక్షా’ అంటే చదువు. 2020లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ పేరు మారి ‘శిక్షా మంత్రాలయ్’ అయింది. అదే సంస్కృత పదం తెలుగులో దండన అయి కూర్చున్నది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇరవై ఏళ్లుగా రెండు భాషల మధ్య మాటలు మోస్తున్న నేను ఆ పసిప్రశ్నకు చప్పున జవాబు చెప్పలేకపోయాను. మనిషిని హింసించిన పోలీసులను చెరసాలకు పంపితే ఎవరు ఏమి నేర్చుకుంటున్నారు? అంతటితో న్యాయం జరిగినట్లేనా?

మేము నిలబడిన చోటికి ఎంతో దూరం లేని కన్నాట్ ప్లేసు వద్ద, బారాఖంబా రోడ్డు మీద, 1997 మార్చి 31న ఢిల్లీ పోలీసులు ఒక కారుపై గుళ్లవర్షం కురిపించారు. ఎవరో నేరస్థుడనుకొని వారు చంపినది ప్రదీప్ గోయల్, జగ్జీత్ సింగ్ అనే ఇద్దరు వ్యాపారులను. కారులోనుంచే ముందు కాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు. అందులో ఒక పిస్తోలు కూడా ‘దొరికింది’. అది పోలీసులు పెట్టినదేనని విచారణలో తేలింది. 2007లో ఒక అసిస్టెంట్ కమిషనరుతో సహా పదిమందికి యావజ్జీవ శిక్ష పడింది. 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. ఆ తీర్పు పోయిన ప్రాణాలను తిరిగి తేలేదు. కాని మృతుల మీద మోపిన అబద్ధాన్ని తుడిచివేసింది.

హైదరాబాదులో రమీజాబీకి ఆపాటి ఊరట కూడా దక్కలేదు. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు స్టేషనులో ఆమె అత్యాచారానికి గురైంది. రిక్షా తొక్కి బ్రతికే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులే దోషులని నిర్ధారించింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఈ బాధ నాకు పుస్తకాలలో తెలిసినది కాదు. నాకు పదకొండేళ్లప్పుడు, మరెవరి కోసమో వెతుకుతూ వచ్చిన పోలీసులు బడిపంతులైన మా నాన్నగారిని తీసుకువెళ్లి, రాత్రంతా ఉంచి, కొట్టి పంపారు. కొట్టినవానికి కొన్నాళ్లకు దూరపు ఊరికి బదిలీ అయింది. “ఇంకేం మాస్టారూ, న్యాయం జరిగింది కదా!” అన్నారు ఇరుగుపొరుగువారు. నాన్నగారు మాత్రం మా అమ్మతో ఒకే మాట అన్నారు: “నేను ఆ రాత్రి అక్కడ ఉన్నట్లు వాళ్ల పుస్తకంలో లేదు. ఇక నేను అబద్ధం చెబుతున్నట్లే కదా?” పదవీ విరమణ చేసేదాకా ఆయన స్టేషను వీధి మానుకొని, చెరువుగట్టు చుట్టూ తిరిగి బడికి వెళ్లారు.

ఆ పుస్తకంలోని ఒక్క పంక్తి విలువ ఏమిటో 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు తేదీ, వేళ వ్రాసి సాక్షి సంతకం తీసుకోవాలి. బంధుమిత్రులకు కబురు చేయాలి. నిర్బంధంలో ఉన్న మనిషిని 48 గంటలకొకసారి వైద్యునికి చూపించాలి. 2020 డిసెంబరులో అదే న్యాయస్థానం ప్రతి పోలీసు స్టేషనులోనూ కెమెరాలు అమర్చాలని ఆదేశించింది.

శిక్ష వద్దని నేననను. శిక్ష పడనినాడు అబద్ధమే చరిత్ర అవుతుంది. కాని జైలుకు వెళ్లేది మనుషులు మాత్రమే. ‘నాలుగు తగిలిస్తే గాని నిజం చెప్పడు’ అన్న నమ్మకం స్టేషనులోనే మిగిలి, తరువాత వచ్చినవాని చేతికి లాఠీతోబాటు అందుతుంది. దానికి నీరు పోస్తున్నది మనమే. 2019 డిసెంబరులో షాద్‌నగర్ వద్ద తమ అదుపులో ఉన్న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే, జనం వారిపై పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. పూలు చల్లిన చేతులకు ఏ శిక్షాస్మృతిలోనూ శిక్ష లేదు, కావలసినది శిక్షణ.

ఈ రోడ్డుకు పేరిచ్చిన చక్రవర్తి కళింగలోని ధౌలి శిలపై తన అధికారులనే ఉద్దేశించి ఒక శాసనం చెక్కించాడు. నిష్కారణంగా ఎవరినీ బంధించరాదు, బాధించరాదు అన్నాడు. ఆ మాట అమలవుతున్నదో లేదో చూడడానికి ఐదేళ్లకొకసారి ఒక అధికారిని పంపుతానన్నాడు. తప్పు జరిగాక దండించడం కన్న, జరగకుండా కాపలా కాయడమే రాజధర్మమని ఇరవై రెండు శతాబ్దాల క్రితమే ఆయనకు తోచింది.

భోజనం ముగించి బయటికి వచ్చాక మా అమ్మాయికి జవాబు చెప్పాను: “వాళ్లను జైలుకే పంపుతున్నారమ్మా. పంపవలసిందే. కాని నువ్వు చదువుకున్న అర్థం కూడా నిజమైతేనే అది న్యాయం.”