భావనగర్ హాప్‌కి టర్బో దండగ

సూరత్ నుంచి భావనగర్‌కి రోడ్డు మీదైతే ఖంభాత్ సింధుశాఖ చుట్టూ తిరిగి 350 కిలోమీటర్ల పైమాటే. పైనుంచి తిన్నగా పోతే వంద లోపే. వజ్రాల వ్యాపారుల చేతిలో ఉన్న వెంచురా ఎయిర్‌కనెక్ట్ 2022 జనవరి 1న 9 సీట్ల సెస్నా కారవాన్లతో సూరత్ నుంచి భావనగర్‌తో పాటు రాజ్‌కోట్, అమ్రేలీ, అహ్మదాబాద్‌లకూ సర్వీసులు మొదలుపెట్టింది.

కారవాన్‌ది టర్బోప్రాప్, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే ఇంజన్. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాలు నడిపే మనవాడొకడు అడిగాడు: "అన్నా, టర్బో పిస్టన్ విమానమైతే చవక కదా?"

చవకే. కానీ టర్బో గొప్పతనమంతా ఎత్తులోనే. మామూలు పిస్టన్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెజర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి పీడనం) పోగొట్టుకుంటుంది. 18,000 అడుగుల దగ్గర గాలి పీడనం సగమే మరి! టర్బో ఆ లోటు పూడుస్తుంది, కొలిమికి తిత్తిలాగా. పలచటి గాలిలో అదే పవర్‌కి వేగం పెరుగుతుంది.

ఈ రూట్లో అంత ఎత్తుకి ఎక్కేలోపే దిగాలి. కింద ఎగిరేటప్పుడు 75 శాతం పవర్ పెట్టినా, 65కి తగ్గించినా ఓ పది నాట్ల తేడా. అంటే మొత్తం మీద నిమిషమో, నిమిషంన్నరో. దానికోసం అంత పెట్రోలు కాల్చి, సిలిండర్లను వేడెక్కించడం నాకైతే నచ్చదు. 65 చాలు. సూరత్ ఎయిర్‌పోర్ట్‌కి చేరడానికి ఉధ్నా ట్రాఫిక్‌లో పోయే టైమ్ ఏ ఇంజనూ తేలేదు లెండి.