బండి ఎవరి మాట మీద కొంటాం?

2003లో హీరో హోండా కరిజ్మా వచ్చింది. ఇష్తెహార్‌లో హృతిక్ రోషన్. కరీంనగర్‌లో మా ఉమర్ పోరగాళ్ల దిల్ అంతా దాని మీదే. కానీ ఇళ్ల ముందర నిలబడ్డవి ఎక్కువగా స్ప్లెండర్లే. ఎందుకంటే రూపాయి అబ్బాజాన్ జేబులోది. ఆయన హీరో ఎవరని అడగడు. లీటరుకు ఎంత ఇస్తది, ఆదిలాబాద్ తొవ్వల ఆగిపోతే సామాన్ దొరుకుతదా, రేపు అమ్మితే ఎంతొస్తది? వీటికి జవాబు మెకానిక్ భాయి దగ్గరుంటది, ఫిల్మీ సితారా దగ్గర కాదు.

అట్లని ఇష్తెహార్ బేకార్ కాదు. పేరు యాదుంచుతది, షౌక్ పుట్టిస్తది. అసలు ఖతరా కిస్తీల దగ్గరుంది. షౌక్ ఒక్కడిది, సూద్ బోజా ఇంటిల్లిపాదిది.

పిల్లల్ని తిట్టకండి, కూర్చోబెట్టి మష్వరా చేయండి. హీరో పైసలు తీసుకొని బండెక్కాడు. మనం పైసలిచ్చి ఎక్కాలి.