ఎకనామిక్స్ అంటే ఎంబీఏనా?

ఎకనామిక్స్‌లో పీజీకి అప్లై చేస్తానంటే మా టీములో అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఎంబీఏనా?" అని. కాదు బాబూ అంటే, "అది ఎంసెట్లో ర్యాంకు రానివాళ్ళు చదివేది కదా!" ఎంపీసీ, ఇంజనీరింగు, జావా, ఇదే దారిలో వచ్చినవాళ్ళం, అలా అనుకోవడంలో వింతేం లేదు లెండి.

నాకీ పురుగు కుట్టింది ఒక పేపరు చదివాక. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లది, 2011లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పల్లెటూరి సర్కారు బళ్ళని లాటరీ తీసి, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇస్తామన్నారు. రెండేళ్ళకి ఆ బళ్ళ పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ మిగతావాళ్ళని దాటేశారు. బటన్ రంగు మీద మేం చేసే ఏ/బీ టెస్టే కదా ఇది! మా అమ్మ మండల పరిషత్ బడిలో టీచరు. ఈ సంగతి చెబితే, "అంటే డబ్బులిస్తేగానీ మేం పాఠాలు చెప్పమనా నీ ఉద్దేశం?" అని రెండ్రోజులు ముభావంగా ఉంది :)

ఇంతకీ, అమెరికా పీహెచ్‌డీకి జీఆర్ఈ లెక్కలు మనవాళ్ళకి లెక్కలోవి కావు. వాళ్ళు చూసేది రియల్ అనాలిసిస్ చదివామా అని. ఎం1, ఎం2 అంటూ ఇంటిగ్రల్సూ, లాప్లాసులూ బోలెడు చేశాం గానీ, ఒక్క సిద్ధాంతాన్నయినా మొదట్నించీ మనంతట మనం నిరూపించామా?

అంతకంటే పెద్ద తలనొప్పి సిఫారసు ఉత్తరాలు. సాధారణంగా మూడు కావాలి. మేనేజరు ఎంత పొగిడినా పెద్దగా పనికిరాదు. వీడు రీసెర్చి చేయగలడని రీసెర్చి చేసేవాళ్ళే చెప్పాలి. మా కాలేజీ సారుకి ఫోన్ చేస్తే, "నువ్వే రాసి పంపు నాన్నా, సంతకం పెడతా" అన్నారు. ఆయన మంచితనాన్ని కాదనను, కానీ ఆ ఉత్తరం చదివేవాళ్ళకి నా గురించి ఏం తెలుస్తుంది?

అందుకే ముందు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళ ఎంఎస్‌క్యూఈకి రాద్దామనుకుంటున్నా. బీటెక్ వాళ్ళనీ రానిస్తారు. ఎంట్రన్సులో ఒక పేపరు లెక్కలు, ఒకటి ఎకనామిక్స్. అక్కడైతే నన్నెరిగిన ప్రొఫెసర్లుంటారు, ఉత్తరాల బెంగ తీరుతుంది.

ఇప్పుడు నాకు 28. ఎంఎస్, ఆపైన అయిదారేళ్ళ పీహెచ్‌డీ, అన్నీ సవ్యంగా జరిగినా 36. ఫ్లాటు మీద ఈఎంఐ ఉంది. నాన్నకైతే పెళ్ళి సంబంధాలవాళ్ళకి ఏం చెప్పాలా అని దిగులు. ఫ్లాటు అద్దెకిస్తే ఈఎంఐలో సగమైనా వస్తుంది, మిగతా సగానికి రెండేళ్ళకి సరిపడా పక్కన పెట్టేదాకా ఉద్యోగం మానను. అప్పటిదాకా పొద్దున్నే అయిదింటికి లేచి రుడిన్ పుస్తకం. ప్రస్తుతం రెండో ఛాప్టరు, కాంపాక్ట్ సెట్లు. వారమైంది, పేజీ కదిలితే ఒట్టు.