తెరియాకి నూడిల్స్‌లో బెల్లం

నూడిల్స్ అనగానే మన ఇళ్లల్లో రెండు పార్టీలు. పిల్లలకేమో పండగ, పెద్దవాళ్లకేమో "ఆ దారాల తిండి ఏమిటర్రా!" అని విసుగు. 1983లో మ్యాగీ మన దేశంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ ఈ తగువు తీరనే లేదు. ఇప్పుడు అది సముద్రాలు కూడా దాటింది. అమెరికాలో పెరుగుతున్న మన మనవలూ మనవరాళ్లూ 'తెరియాకి నూడిల్స్' చేసిపెట్టమంటున్నారు. పేరు విని కంగారు పడకండి. విప్పి చూస్తే అన్నీ మనకి తెలిసిన సరుకులే.

జపాను భాషలో 'తెరి' అంటే నిగనిగలాడే మెరుపు, 'యాకి' అంటే కాల్చడం. సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం, సాకే అనే ఇంకో మద్యం, పంచదార కలిపి మరిగించి, ఆ పాకాన్ని ఎక్కువగా చేప ముక్కల మీద పూస్తూ కాలుస్తారు. అమెరికాలోని సియాటిల్‌కి వచ్చేసరికి దాని రూపు మారింది. 1976లో తోషి కసహారా అనే ఆయన అక్కడ చిన్న తెరియాకి హోటలు పెట్టారు. తర్వాత అలాంటి హోటళ్లు ఊరంతా వెలిశాయి. తీపి పెరిగింది, అల్లం వెల్లుల్లి చేరాయి, ఆ పాకం కోడి మాంసం మీదికీ నూడిల్స్ మీదికీ వచ్చింది. ఊరు మారితే వంట మారడం మనకి కొత్తేం కాదు కదా! మన పులిహోర ఎన్ని ఊళ్లలో ఎన్ని రకాలు!

మా అమ్మాయి ఉండేది ఆ సియాటిల్ పక్కనే, రెడ్‌మండ్‌లో. పోయినేడు ఆర్నెల్లు వాళ్లింట్లో ఉండి వచ్చాను. అమ్మాయీ అల్లుడుగారూ ఇద్దరూ ఉద్యోగస్తులే. వారంలో రెండు రోజులు పిల్లల కోసం తెరియాకి నూడిల్స్ తప్పనిసరి. నూడిల్స్ ఉడకబెట్టడం, కూరముక్కలు వేయించడం, సీసా వంచి సాస్ పోయడం... పావుగంటలో వంట అయిపోయేది. పిల్లలు తిన్నాక మిగిలినది మా అమ్మాయి నిలబడే తినేసేది. ఆడవాళ్లం అందరం చేసే పనే ఇది, ఏ దేశంలో ఉన్నా!

అయితే మా అమ్మాయికి ముప్ఫై తొమ్మిదేళ్లకే బీపీ వచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది. వాళ్ల నాన్నగారు బీపీ ముదిరి, యాభై ఆరేళ్లకే పక్షవాతంతో మంచాన పడ్డారు. ఏడాది తిరక్కుండా వెళ్లిపోయారు. అది కళ్లారా చూసిన పిల్ల కనక భయపడింది. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమనగానే నేను పట్టుకెళ్లిన ఆవకాయ ముట్టలేదు. అప్పడాలు మానేసింది. పప్పులో ఉప్పు సగం చేసింది. ఆ నూడిల్స్ మాత్రం మామూలే! పైకి తియ్యగా ఉంటాయి కదా, అందులో ఉప్పుంటుందని ఎవరికి తోస్తుంది?

ఒకరోజు మధ్యాహ్నం నేనూ మా మనవరాలూ ఆ సీసా తీసి చూశాం. దానికి పదేళ్లు. సీసా మీది అక్షరాలు నా కళ్లజోడుకి అందవు. అది చదివి తెలుగులో చెప్పింది - ఒక్క పెద్ద చెంచాలో సోడియం 600 మిల్లీగ్రాముల పైనే అని. "మనిషికి మూడు చెంచాలు పోసుకుంటాం కదా, ఎంతవుతుందే?" అన్నాను. "1800, ఇంకా ఎక్కువే అమ్మమ్మా" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2000 మిల్లీగ్రాముల లోపు. అంటే ఉప్పు అయిదు గ్రాములు, ఒక చిన్న చెంచాడు. మిగతా తిండి సంగతి అటుంచి, ఒక్క పళ్లెం నూడిల్స్‌తోనే కోటా దాదాపు చెల్లిపోయిందన్నమాట!

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా కోసమే కదా అమ్మ ఇది కొంటుంది" అంది నెమ్మదిగా. "అయితే మనమే చేద్దాం, పద" అన్నాను. తల్లి సలహా కూతురికి దెప్పినట్టు వినిపిస్తుంది. చేసి పెడితే ఆ బాధ లేదు.

ఇక మేం చేసిన విధానం చెప్తాను. నలుగురికి సరిపోతుంది.

తక్కువ ఉప్పు సోయా సాస్ రెండు పెద్ద చెంచాలు, నీళ్లు అరకప్పు, తురిమిన బెల్లం రెండు పెద్ద చెంచాలు, అంగుళం అల్లం తురుము, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచినవి - అన్నీ చిన్న గిన్నెలో వేసి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు మరిగించండి. చిన్న చెంచాడు కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చన్నీళ్లలో కలిపి పోసి, చెంచాకి అంటుకునేలా చిక్కబడగానే దించెయ్యండి. తీగపాకం దాకా పోనివ్వకూడదు. దించాక చెంచాడు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలపండి. మద్యం లేని లోటు ఆ పులుపు తీరుస్తుంది. మా వంటింట్లో మద్యం పనికిరాదు మరి!

పావుకిలో నూడిల్స్ ఉప్పు వెయ్యకుండా ఉడికించి, వార్చి, చన్నీళ్లు పోసి ఉంచండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, పెద్ద మంట మీద క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం, పుట్టగొడుగులు కరకరలాడేలా వేయించండి. ఇష్టమైతే పనీర్ ముక్కలు వేసుకోవచ్చు. నూడిల్స్ కలిపి, మంట తగ్గించి, చివర్లో సాస్ పొయ్యండి. బెల్లం ఉంది కనక అడుగంటే ప్రమాదముంది, గబగబా తిప్పి దించాలి. పైన వేయించిన నువ్వులు, ఉల్లికాడల తరుగు చల్లండి. ఈ లెక్కన సాస్ నుంచి మనిషికి వచ్చే సోడియం 300 మిల్లీగ్రాములు దాటదు.

మనవరాలు రుచి చూసి, "అచ్చం అలాగే లేదు... కానీ బావుంది" అంది. మనవడు మారు మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకున్నాడు. సాయంత్రం మా అమ్మాయి వచ్చి తింటూ, "ఏం సీసా కొన్నావే?" అంది కూతుర్ని. అది తన లెక్కల కాగితం తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. మా అమ్మాయి కాగితం వంక చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చుని మిగతాది తింది. ఆ ఇంట్లో అది కూర్చుని తినడం నేను చూసింది ఆ రోజే. ఆ కాగితం ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

నూడిల్స్ మార్చినంత మాత్రాన బీపీ తగ్గిందని నేననను. మాత్రలు వేసుకుంటోంది, రోజూ నడుస్తోంది. అవి ఎలాగూ తప్పవు.

మీరు చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సీసా మీద 'లైట్ సోయా సాస్' అని ఉంటే ఉప్పు తక్కువని అనుకోకండి. చైనా రకాల్లో అది రంగు సంగతి, ఉప్పు ఎక్కువే ఉండొచ్చు. మీ ఊళ్లో తక్కువ ఉప్పు రకం దొరక్కపోతే మామూలుదే ఒక్క పెద్ద చెంచా వేసి, అల్లం వెల్లుల్లి పెంచండి. కొన్ని తక్కువ ఉప్పు రకాల్లో పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరుని అడిగి వాడాలి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది, పడనివాళ్లు గమనించుకోండి. శాకాహారులు బయట తినేటప్పుడు చేప రసం కలిపారేమో అడగడం మంచిది. సాస్ మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యండి. దోసెల్లోకి కూడా బావుంటుందని మా మనవడి మాట!