కింది పైపు

రీబోరుకు పంపిన ఇంజను తిరిగొచ్చి బండిలో కూర్చుంది కాబట్టి ఇక పని అయిపోయినట్టేనని మా పెదనాన్న లెక్క. సాయంత్రానికి వచ్చేస్తున్నామని గుడివాడకు ఫోన్ కూడా చేసేశాడు. మేస్త్రి కాదనలేదు, అవుననలేదు. బానెట్ కింద వేలాడుతున్న పైపుల వైపు ఓసారి చూసి, టీ తెమ్మని కుర్రాణ్ని పంపాడు.

అది 1996 వేసవి, విజయవాడ ఆటోనగర్. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. స్పేరు పార్టులు మార్చేస్తారేమోనని పెదనాన్న అనుమానం, అందుకని నన్ను కాపలాగా వెంట తెచ్చుకున్నాడు. బండి 1978 అంబాసిడర్, మార్క్ త్రీ. బెంగాల్లో ఉత్తర్‌పారాలో తయారైందన్న మాటేగానీ అందులోని 1489 సీసీ పెట్రోలు ఇంజను పుట్టిల్లు ఇంగ్లండు, బీఎంసీ వాళ్ల బి-సిరీస్. అక్కడ ఇదే జాతి ఇంజను ఎంజీ స్పోర్ట్స్ కార్లను లాగింది. మా దగ్గర పెళ్లివారినీ, డిక్కీలో నూకల బస్తాలనూ మోసింది.

నీళ్ల పైపులు చూడటానికి రెండే. ఇంజను హెడ్ ముందున్న మూతి నుంచి రేడియేటరు నెత్తికి ఒకటి, రేడియేటరు అడుగు నుంచి వాటర్ పంపుకి ఇంకొకటి. హీటరుకు పోవాల్సిన దారులకు ఏనాడో బిరడాలు కొట్టేశారు. మన ఎండల్లో హీటరు ఎవడిక్కావాలి? రెండు పైపులు తొడగడానికి అరగంట చాలనుకున్నాను. మేస్త్రికి మూతులు గీకడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది. బోరు నీళ్లు పోసీ పోసీ మూతుల చుట్టూ సున్నంలా తెల్లటి పొర పేరుకుపోయింది. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో దాన్ని వలిచి, గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని బొటనవేలితో చుట్టూ తడిమి చూశాడు. పైపు చివరలకు సబ్బునీళ్లు రాశాడు. గ్రీజు రాయబోయిన కుర్రాడి చేతి మీద ఒక్కటిచ్చి, “అది రబ్బర్ని తినేస్తుందిరా” అన్నాడు.

క్లిప్పులు బిగించడంలో ఆయనకో పద్ధతుంది. మూతి అంచున చిన్న గట్టు ఉంటుంది చూడండి, క్లిప్పు దానికి వెనక కూర్చోవాలి. గట్టు మీదే కూర్చుంటే ఎంత బిగించినా వేడికి జారిపోతుంది. స్క్రూ తల పైకి ఉండాలి, రేపు దారిలో ఎవడో లారీ డ్రైవరు స్క్రూడ్రైవర్ ఇచ్చినా అందేటట్టు. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది. ఈ స్క్రూ క్లిప్పును 1921లో లమ్లీ రాబిన్‌సన్ అనే ఇంగ్లీషు నావికాదళం మనిషి కనిపెట్టాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు మాత్రం అది ఆటోనగర్‌లోనే పుట్టిందంటే నమ్మేవాణ్ని.

థర్మోస్టాట్ దగ్గర గొడవయింది. ఎవరో దాన్ని ఎప్పుడో పీకేశారు. మేస్త్రి తన డబ్బాలోంచి ఒకటి తీస్తే పెదనాన్న అడ్డుపడ్డాడు.

“రోహిణీ కార్తెలో అదెందుకయ్యా? నీళ్లకు అడ్డం.”

“తీసేస్తే ఇంజను వేడెక్కాల్సినంత కూడా వేడెక్కదండీ. పెట్రోలు తాగుద్ది, బోరు అరుగుద్ది. మళ్లీ నా దగ్గరికే వస్తారు.”

టీ కొట్టులో మరిగే నీళ్ల గిన్నెలోకి దాన్ని దారం కట్టి వేలాడదీశాడు. దాని మీద 82 అని అంకె ఉంది. ముందు ఏమీ కాలేదు. తర్వాత నడుమనున్న ఇత్తడి బిళ్ల వెంట్రుకంత సందిచ్చి, చూస్తుండగానే వేలెడు మందం పైకి లేచింది. బయటికి తీసి ఊదితే మళ్లీ మూసుకుంది. పెదనాన్న ఇక మాట్లాడలేదు. టీ కొట్టువాడే, ఆ నీళ్లు పారబోయాలా అక్కర్లేదా అని అడిగాడు.

ఇన్‌లెట్ వైపు పని మేస్త్రి భోజనానికి వెళ్లినప్పుడు కుర్రాడు కానిచ్చేశాడు. మ్యానిఫోల్డు, దాని మీద నల్లటి దిమ్మ, రెండు పక్కలా కాగితం ప్యాకింగులు, ఆపైన కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నటి గొట్టం, చివర ఎయిర్ క్లీనరు. స్టార్టయితే అయిందిగానీ బండి కుదురుగా నిలబడలేదు. వణుకు, ఎక్కడో సన్నగా ఈల.

మేస్త్రి పళ్లు కుట్టుకుంటూ వచ్చి కార్బురేటరు జోలికే పోలేదు. ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకాడు. ఒకటో వైరు పీకితే ఇంజను కుంగింది, రెండోది పీకినా కుంగింది. మూడు, నాలుగు పీకితే ఏ తేడా లేదు. ఈ ఇంజనుకు సిలిండర్లు నాలుగైనా గాలి లోపలికి పోయే దారులు రెండే. ముందు రెండింటికీ ఒకటి, వెనక రెండింటికీ ఒకటి. వెనక దారి దగ్గర అతుకు మీద నూనె డబ్బాతో నాలుగు చుక్కలు వేశాడు. ఈల ఆగింది, వణుకు తగ్గింది, సైలెన్సర్ లోంచి నీలి పొగ వచ్చింది. బయటి గాలి అక్కణ్నుంచే దూరుతోంది.

విప్పి చూస్తే తప్పు కుర్రాడిది కాదు. ఇన్‌లెట్, ఎగ్జాస్టు రెండూ ఒకే స్టడ్లకు బిగుస్తాయి. మందపాటి వాషరు సగం దీని మీద, సగం దాని మీద కూర్చుని రెంటినీ నొక్కుతుంది. ఇన్‌లెట్ అంచును ఎవరో ఎప్పుడో లేతు మీద పట్టి పలచన చేశారు. దాంతో ఇన్‌లెట్ అంచు మీద పడాల్సిన చోట వాషరు వాలిపోతోంది. మేస్త్రి ఒక్కో వాషర్నీ పట్టుగుర్రంలో బిగించి, ఒక సగం ఆకురాయితో కొద్దికొద్దిగా దించాడు. పెట్టి చూడటం, తీయడం, మళ్లీ రాయడం. ఆ మధ్యాహ్నమంతా అదే. పెదనాన్న కుర్చీలో నిద్రపోయాడు. కొత్త వాషర్లు కొంటే సరిపోదా అని నేనడిగితే, “కొత్తవీ సమంగానే ఉంటాయి బాబూ, వంకరంతా మన అంచులో కదా ఉంది” అన్నాడు.

మర్నాడు ఉయ్యూరు దాకా ట్రయలు. పోరంకి, పెనమలూరు దాటేదాకా వేడి చూపే ముల్లు కదల్లేదు. కంకిపాడు దాటి రోడ్డు ఖాళీ దొరకగానే మేస్త్రి తొక్కాడు, ముల్లు ఎగబాకడం మొదలెట్టింది. ఆపితే దిగింది, తొక్కితే మళ్లీ ఎక్కింది. నాకు అంతు చిక్కలేదు. ట్రాఫిక్కులో వేడెక్కే బండి గాలి తగిలితే చల్లబడాలి కదా!

చెట్టు కింద ఆపి, తడి గోనె రేడియేటరు మూత మీద కప్పి, చల్లారేదాకా కూర్చున్నాం. ఆ మూత మీద 7 అని ఉంటుంది, అన్ని పౌండ్ల ఒత్తిడి పడుతుందని. ఆ ఒత్తిట్లో నీళ్లు 110 డిగ్రీల దాకా మరగవు. తొందరపడి తిప్పితే ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడతాయి. నీళ్లు సరిచూసి మళ్లీ స్టార్ట్ చేశాక మేస్త్రి బానెట్‌లోకి తల దూర్చి, “రైజ్ చెయ్ బాబూ, ఆపకుండా” అన్నాడు. చేశాను. నన్ను దిగి రమ్మని, యాక్సిలరేటర్ తీగ తనే చేత్తో లాగి చూపించాడు. ఇంజను హోరెత్తగానే కింది పైపు మధ్యలో చప్పగా అణిగిపోయింది. తీగ వదిలితే గుండ్రంగా ఉబ్బింది. పంపు వేగంగా లాగేసరికి, వేడికి మెత్తబడ్డ రబ్బరు ఆ లాగుడుకు ఆగలేక దారి మూసేసుకుంటోంది.

పాత పైపులో స్ప్రింగు చుట్ట ఉండేది. కొత్తదాంట్లో లేదు. ఆ కొత్తది పెదనాన్న బజార్లో బేరమాడి సగానికి సగం తగ్గించి తెచ్చింది. షెడ్డుకు మెల్లగా పోయి, తుక్కులోంచి పాత పైపు వెతికి, బ్లేడుతో చీల్చి స్ప్రింగు లాగారు. తుప్పు రుద్ది కొత్తదాంట్లోకి తిప్పుకుంటూ ఎక్కించారు. ఈసారి ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దాకా తొక్కినా ముల్లు సగం దాటలేదు.

మ్యానిఫోల్డు నట్లు వేడికి సర్దుకుంటాయి, ఓ వారం తిప్పాక తీసుకురమ్మన్నాడు మేస్త్రి. వెళ్లాం. ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది. దానికి డబ్బులు తీసుకోలేదు. పెదనాన్న మాత్రం స్ప్రింగు లేని పైపు ఖరీదు బిల్లులో తగ్గించాలని పట్టుబట్టాడు. “కొన్నది మీరే కదండీ” అన్నాడు మేస్త్రి. చాలాసేపు వాదించుకుని, చివరికి మధ్యేమార్గంగా ఫ్యాన్ బెల్టు ఒకటి ఊరికే వేయించుకుని గుడివాడ బయల్దేరాం.