తుక్కుకొట్టులోని పొయ్యి

హైదరాబాదునుండి సంగారెడ్డికి పోవు పెద్దబాట ప్రక్కన మా కంది గ్రామము కలదు. 2008వ సంవత్సరమున స్థాపితమై, తొలుత ఎద్దుమైలారమున నడచిన ఐ. ఐ. టి. విద్యాలయము పిమ్మట మా యూరికి తరలివచ్చెను. నాటినుండి సాయంకాలములందు బాటపై విద్యార్థుల సందడి మిక్కుటము. పటాన్‌చెరులో మా నాయనగారు పనిచేయుచుండిన కర్మాగారము మూతపడగా, వారీ సందడిని చూచి మొక్కజొన్న కండెలును కోడిమాంసమును కాల్చి యమ్ముదమని తలచిరి. ఇంటి వంటకిచ్చు 14.2 కిలోల గ్యాసుబండతో వ్యాపారము చేయుట చట్టవిరుద్ధము గనుక 19 కిలోల బండను తెప్పించిరి. దానితో చేతి సొమ్ము చాలవఱకు వ్యయమయ్యెను. క్రొత్త గ్రిల్లు మాట తలపెట్టుటకే లేదు.

కావున నొక శనివారమున మేమన్నదమ్ములమిద్దఱము తుక్కుకొట్టునకు పోయి, ఏదో ఢాబావారు విడిచిన గ్రిల్లును బేరమాడి తెచ్చితిమి. దాని యవస్థ యేమని చెప్పుదుము! కమ్ములనిండ త్రుప్పు, అడుగున ఏండ్లనాటి జిడ్డు. కమ్ములను ఉప్పుకాగితముతో రుద్ది, చింతపండుతో తోమి, నూనె పూసి కట్టెలపొయ్యిపై ముమ్మారు కాచితిమి. అవి నల్లగా నిగనిగలాడెను. తమ్ముడు వానికి వెండిరంగు పూయగోరెను గాని, ఆ రంగు పెచ్చులూడి తిండిలో పడునని అవ్వ కసరెను.

ఆదివారము ఉదయమున పాత రబ్బరుగొట్టమునే తగిలింపబోగా, మా వీధి ఫిట్టరు మామగారు "బిడ్డలారా, దానిని వంచి చూడుడు" అనిరి. వంచినచోటనెల్ల సన్నని బీటలు! క్రొత్తగొట్టమునకు నాయనగారు కండెలకై దాచిన సొమ్మే దిక్కు. మేము వెనుదీసితిమి. అంతట మామగారు, ఈ గ్యాసు గాలికంటె బరువైనదనియు, కారినచో పైకి పోక నేలబారున నిలుచుననియు, ఒక్క నిప్పురవ్వ చాలుననియు చెప్పిరి. నాయనగారు మాఱు పలుకక సొమ్ము తీసియిచ్చిరి.

క్రొత్తగొట్టపు అతుకులపై సబ్బునీరు పోసితిమి, బుడగ లేవలేదు. మూడు బర్నర్లలో రెండు నీలిమంటతో వెలిగెను. మూడవది మాత్రము పైన వెలుగక, మర త్రిప్పు చేతివద్దనే భగ్గుమనెను! తమ్ముని ముంజేతి రోమములు కమిలెను. నాయనగారు బండను కట్టివేసిరి.

చల్లారిన పిమ్మట విప్పిచూడగా, బర్నరు గొట్టములోపల కందిరీగ కట్టిన మట్టిగూడు! గ్యాసు సన్నని రంధ్రమునుండి వేగముగా వెడలుచు, ప్రక్క కంతలనుండి గాలిని లాగికొని, రెండును కలసి పైకి పోవలెను. దారి మూసికొన్నందున వెనుకకు పొంగి అచ్చటనే మండినది. మేము కంటికి కనబడు కమ్ములకే మెఱుగు పెట్టితిమి గాని, ఆ గొట్టములోనికి తొంగియైన చూడమైతిమి. "కందిలో కందిరీగ గాక మఱేమి దొరకును?" అని మామగారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

గూడును తీగతో గీకి తీసి, సాయంకాలమున మరల వెలిగించితిమి. వెలిగించితిమనుట తప్పు, నాయనగారు మమ్ము దూరముగా నిలిపి తామే వెలిగించిరి. మూడును నీలముగా మండెను. మిగిలిన సొమ్మునకు నాలుగే కండెలు వచ్చెను. తొలికండెను అవ్వకిచ్చిరి. పండ్లు లేని యామె దానిని వాసన చూచి, తమ్ముని చేతిలో పెట్టెను.